ముప్పై వేల హెడ్‌సెట్ మన ఉప్పుగాలికి ఆగుతుందా?

మా మేనల్లుడికి రుషికొండలో ఉద్యోగం వచ్చి ఆర్నెల్లయింది. మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ ఒకటి చూశాను. ముప్పై వేలు. కొనీమంటావా?" అన్నాడు. వాడి జీతం, వాడి సరదా. వద్దనడానికి మనసొప్పలేదు. అలాగని కొనెయ్ అనడానికీ నోరు రాలేదు. పదేళ్లుగా ఈ వైజాగ్‌లోనే రాత్రిళ్లు గేములు ఆడుతూ నాలుగు హెడ్‌సెట్లు మార్చాను. ఆ నాలుగింటిలో సౌండ్ పాడై మూలపడింది ఒక్కటీ లేదు. ఒకదానికి ప్యాడ్లు ఊడాయి, ఒకదానికి మడత దగ్గర ప్లాస్టిక్ విరిగింది, ఒకదానికి బ్యాటరీ చచ్చింది, ఒకదానికి డాంగిల్, అంటే కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్, పోయింది. అందుకే ఆదివారం ద్వారకానగర్ వెళ్లి, తలకి పెట్టి చూసి, అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. ఈలోగా వాడికి చెప్పాలనుకున్నవన్నీ రాసుకుంటూ పోతే ఇంత అయింది. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కదా అని ఇక్కడ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. హెడ్‌సెట్ ఎంత బాగా మోగుతుందన్నది రెండో ప్రశ్న. అందులో ముందుగా పాడయ్యేది ఏది, అది మార్చుకోవడానికి మనకి దొరుకుతుందా అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు ఉంటేనే ముప్పై వేలకి అర్థం ఉంటుంది.

ఆ ముప్పై వేలూ దేనికి?

సౌండ్‌కే అని చాలామంది అనుకుంటారు. నిజానికి సౌండ్ వరకూ అయితే ఐదారు వేల వైర్ హెడ్‌సెట్ దగ్గరే చాలా భాగం వచ్చేస్తుంది. ఆ పైన పెట్టే డబ్బు వైర్ లేకపోవడానికి, బ్యాటరీకి, బయటి మోతని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్‌కి, ఫోనూ కంప్యూటరూ ఒకేసారి కలిపి వినడానికి, కాస్త మంచి మెటల్‌కి, పేరుకి పంచుకుపోతుంది.

శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో ఖరీదైన హెడ్‌సెట్‌లోనే తెలుస్తుందనేది గట్టిగా నాటుకుపోయిన నమ్మకం. మనకి ఉన్నవి రెండు చెవులు. కుడివైపు చప్పుడు కుడి చెవికి ముందు చేరి ఎడమ చెవికి వెనక చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది. పైనా, కిందా, వెనకా అన్నవి చెవిడొప్ప ఆకారం వల్ల శబ్దంలో వచ్చే చిన్న చిన్న మార్పుల్ని బట్టి తెలుస్తాయి. ఈ లెక్కనంతా ఇప్పుడు గేమే కట్టి ఇస్తోంది. వాలరెంట్ అనే షూటింగ్ గేము ఆడియో సెట్టింగుల్లో, ఈ లెక్క కట్టే హెచ్ఆర్‌టీఎఫ్ అనే ఆప్షన్ ఉంటుంది. కౌంటర్-స్ట్రైక్ 2లో అది గేములోనే కలిసి ఉంది. దానికి మామూలు స్టీరియో హెడ్‌ఫోన్ చాలు. పెట్టె మీద 7.1 (చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపించే సరౌండ్) అని రాసి ఉంటే దానికోసం పైసా ఎక్కువ ఇవ్వకండి. పైగా గేములో హెచ్ఆర్‌టీఎఫ్ ఆన్ చేసి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 కూడా ఆన్ చేస్తే, ఒకే పని రెండుసార్లు జరిగి దిక్కులు కలగాపులగం అయిపోతాయి. రెండిటిలో ఒకటి ఆపెయ్యాలి. ఎవరైనా "అడుగులు సరిగ్గా వినబడట్లేదు అన్నా, హెడ్‌సెట్ మార్చాలా" అని అడిగితే నేను ముందు ఈ సెట్టింగే చూడమంటాను.

మంచి హెడ్‌సెట్‌కీ చవకదానికీ తేడా లేదని కాదు. బాంబు పేలుతున్నప్పుడు కూడా వెనక అడుగు విడిగా వినబడటం, పాటలో తబలా తబలాలా మోగడం, గొంతులు మొద్దుబారకపోవడం ఇవన్నీ నిజమైన తేడాలే. కానీ రెండు వేల నుంచి ఆరు వేలకి వెళ్తే కనబడే తేడా, పదిహేను వేల నుంచి ముప్పై వేలకి వెళ్తే కనబడదు.

వైరా, డాంగిలా, బ్లూటూతా

ఫిషింగ్ హార్బర్ దగ్గర బోట్లు బాగుచేసేచోట కాస్త దూరంగా నిలబడి చూడండి. సుత్తి చెక్క మీద పడటం కంటికి కనబడిపోతుంది, టక్‌మన్న చప్పుడు ఆ తర్వాత వస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే నడుస్తుంది కాబట్టి. గేమింగ్‌లో ఆలస్యం అంటే అదే.

హెడ్‌సెట్‌తో పాటు వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో ఆలస్యం సాధారణంగా 15 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. అంటే మీరు స్పీకరుకి ఐదారు మీటర్ల నుంచి పది మీటర్ల దూరంలో కూర్చున్నట్టు. ఆడుతుంటే పట్టించుకోరు. మామూలు బ్లూటూత్‌తో 150 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే సుత్తికి యాభై, అరవై మీటర్ల అవతల నిలబడ్డట్టు. ఫోన్లో ఆడే బీజీఎంఐ గేములో తుపాకీ పేలడం కనబడి, చప్పుడు వెనకబడి వచ్చేది ఇందుకే. ఎల్ఈ ఆడియో అనే కొత్తరకం బ్లూటూత్‌తో ఈ ఆలస్యం తగ్గుతోంది గానీ, అది హెడ్‌సెట్‌లోనూ ఉండాలి, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కూడా ఉండాలి.

బ్లూటూత్‌కి ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది, షాపులో ఎవరూ చెప్పరు. మైకు తెరవగానే మామూలు బ్లూటూత్ ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది. అప్పటిదాకా బ్రహ్మాండంగా మోగుతున్న గేము, ఒక్కసారిగా పాత ల్యాండ్‌లైన్ లోంచి వినబడుతున్నట్టు అయిపోతుంది, కుడి ఎడమలు కూడా పోతాయి. టీమ్‌తో మాట్లాడుతూ ఆడేవాళ్లకి బ్లూటూత్ ఒక్కటే ఉన్న హెడ్‌ఫోన్, అది ఎంత ఖరీదైనా సరే, పనికిరాదు. పీఎస్5, ఎక్స్‌బాక్స్ గేమ్ కన్సోళ్లు రెండూ మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లని నేరుగా కలుపుకోనే కలుపుకోవు. ఎక్స్‌బాక్స్‌కి పనిచేసే మోడల్ వేరేగా ఉంటుంది కాబట్టి, కన్సోల్ ఉన్నవాళ్లు పెట్టె మీద దాని పేరు ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టాలి.

డాంగిల్ కొన్నాక సౌండ్ మధ్యలో తెగుతోందంటే హెడ్‌సెట్‌ని తిట్టే ముందు ఒక పని చెయ్యండి. యూఎస్‌బీ 3 పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తాయి. ఇంటెల్ సంస్థ 2012లోనే దీనిమీద పత్రం వెలువరించింది. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని డాంగిల్‌ని క్యాబినెట్ వెనక నుంచి బల్ల మీదకి తెచ్చుకోండి. వైఫై కూడా అదే 2.4లో ఉంటే గోల పెరుగుతుంది కాబట్టి, ల్యాప్‌టాప్‌ని ఇంటి వైఫైలో 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాటుకీ ఒక రౌటరు ఉన్న ఎంవీపీ కాలనీ లాంటిచోట ఈ రెండూ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ప్యాడ్ల సంగతి

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చుని రాసిన రివ్యూల్లో ఇది ఉండదు.

నా రెండో హెడ్‌సెట్‌కి నల్లటి మెత్తటి తోలులాంటి ప్యాడ్లు ఉండేవి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాయి. ఓ రాత్రి ఆట అయ్యాక మెడ మీద ఏదో గరగరలాడితే తుడుచుకున్నాను. చేతికి నల్లటి పొట్టు అంటింది. అద్దంలో చూస్తే చెవుల చుట్టూ, గడ్డం మీద, చొక్కా కాలరు మీద అదే పొట్టు. ప్యాడ్ మీద వేలితో రాస్తే వడియం పొరలా లేచి వచ్చేసింది. అడుగున బూడిదరంగు గుడ్డ బయటపడింది. కంపెనీ వాళ్లని అడిగితే ప్యాడ్లు వారంటీలోకి రావన్నారు, విడిగా అమ్మరు కూడా అన్నారు. లోపల స్పీకర్లు మాత్రం కొత్తవాటిలాగే మోగుతున్నాయి.

అది తోలు కాదు, పాలియురెథేన్ పూత. తేమ, వేడి కలిస్తే ఆ పూత దానంతటదే విరిగిపోతుంది. వాడకుండా బీరువాలో దాచినా విరుగుతుంది. మన ఊరికి ఆ రెంటికీ లోటు లేదు. చెమటా, నూనె రాసుకున్న జుట్టూ తోడైతే ఇంకా తొందర. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఉప్పుగాలి కూడా. బీచ్ రోడ్డు పక్క ఫ్లాట్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తుప్పుపడతాయో చూసినవాళ్లకి, హెడ్‌బ్యాండ్ లోపలి స్క్రూల గురించి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి గుడ్డ ప్యాడ్లు, లేదా వెల్వెట్ లాంటి ప్యాడ్లు ఉన్నవాటికి నేను ముందు మార్కులు వేస్తాను. లాజిటెక్ జీ ప్రో ఎక్స్ 2 పెట్టెలో తోలులాంటి జతతో పాటు వెల్వెట్ జత కూడా ఇస్తారు. రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ప్రో ప్యాడ్లు గుడ్డవే. లాజిటెక్ జీ435 ప్యాడ్లూ అంతే. స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రో వైర్‌లెస్, ఆడిజీ మ్యాక్స్‌వెల్, హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ మూడూ తోలులాంటివే. గుడ్డ ప్యాడ్లతో బయటి చప్పుడు కాస్త ఎక్కువ వస్తుంది, బేస్ కాస్త తగ్గుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో రెండు గంటలు కూర్చుని ఆడేవాళ్లకి ఆ నష్టం లెక్కలోది కాదు.

బరువు కూడా ఈ సంగతిలోదే. జీ435 కేవలం 165 గ్రాములు. బ్లాక్‌షార్క్ 320, నోవా ప్రో, జీ ప్రో ఎక్స్ 2 రెండూ 340 గ్రాముల అటూఇటూ. మ్యాక్స్‌వెల్ 490 గ్రాములు, అంటే దాదాపు అరకిలో నెత్తిన పెట్టుకోవడం. దాని 90 మిల్లీమీటర్ల ప్లేనార్ డ్రైవర్ల (పల్చటి పొరతో మోగే స్పీకర్ల) సౌండ్ అద్భుతం, అందులో సందేహమే లేదు. సంగీతం కోసం కొనేవాళ్లకి అదే చెప్తాను. ఏసీ గది ఉండాలి, మెడకి ఓపిక ఉండాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు మాత్రం ఏది కొన్నా పెట్టుకుని చూడకుండా కొనొద్దు. జోడు కాడ దగ్గర ప్యాడ్ లేచి సందు పడితే, నాయిస్ క్యాన్సిలేషన్‌కి ఇచ్చిన డబ్బు ఆ సందులోంచే పోతుంది.

బ్యాటరీ, డాంగిల్

కంపెనీలు చెప్పే గంటలు చూస్తే కళ్లు తిరుగుతాయి. క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్‌కి 300 గంటలు, మ్యాక్స్‌వెల్‌కి 80, బ్లాక్‌షార్క్‌కి 70, జీ ప్రో ఎక్స్ 2కి 50. ఆర్క్‌టిస్ నోవా ప్రోకి ఒక్కో బ్యాటరీ 22 గంటలే, కానీ రెండు బ్యాటరీలు ఇస్తారు. ఒకటి హెడ్‌సెట్‌లో ఉంటే రెండోది బల్లమీద పెట్టే బేస్ స్టేషన్‌లో ఛార్జ్ అవుతూ ఉంటుంది.

రోజుకి మూడు గంటలు ఆడితే 50 గంటల హెడ్‌సెట్‌ని నెలకి రెండుసార్లు ఛార్జ్ పెడతారు. లిథియం బ్యాటరీ మూడు నాలుగు వందల ఛార్జింగుల తర్వాత గానీ పెద్దగా తగ్గదు. ఆ లెక్కన ఛార్జింగుల వల్ల అది చావదు. ఎండలో నిలిపిన కారులో వదిలేయడం వల్ల, పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి సొరుగులో పడేయడం వల్ల, వయసు వల్ల చస్తుంది. పరీక్షల ముందు పిల్లల దగ్గర్నుంచి హెడ్‌సెట్ లాక్కుని అలమారలో పెట్టే తల్లిదండ్రులు సగం ఛార్జ్ ఉంచి పెట్టండి. నా మూడోది ఖాళీ బ్యాటరీతో ఆరు నెలలు ఉండి మళ్లీ లేవలేదు.

గంటల సంఖ్య కంటే బ్యాటరీ మార్చుకోగలగడం నాకు ముఖ్యం. ఆ విషయంలో నోవా ప్రో అన్నిటికంటే మేలు. పైన చెప్పిన మిగతావాటిలో బ్యాటరీ లోపలే ఉంటుంది.

డాంగిల్ అనుభవం కూడా చెప్తాను. గోరంత ఉంటుంది, ఇల్లు మారేటప్పుడు పోయింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కౌంటర్ దగ్గరున్న అబ్బాయి మర్యాదగానే, "డాంగిల్ విడిగా రాదండీ, సెట్టే తీసుకోవాలి" అన్నాడు. అంత ఖరీదైన వస్తువు ఆ రోజు నుంచి వైర్ పెట్టుకునే హెడ్‌ఫోన్ అయింది. 3.5 ఎంఎం రంధ్రం ఉండబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. వైర్ పెట్టుకునే దారి కూడా ఉన్న వైర్‌లెస్‌నే కొనమనేది అందుకే.

మైకు, నాయిస్ క్యాన్సిలేషన్

మైకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నోటి ముందుకి వచ్చే కాడ మైకు, కప్పులో దాచిన మైకు కంటే బాగుంటుంది. జీ435లో దాచిన మైకే ఉంటుంది, సీలింగ్ ఫ్యాన్ అయిదులో పెట్టి ఆడేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. స్ట్రీమింగ్ చేసేవాళ్లకి ఏ వైర్‌లెస్ మైకూ చాలదు. రెండు మూడు వేల యూఎస్‌బీ మైకు బల్లమీద పెట్టుకోవడమే దారి.

నాయిస్ క్యాన్సిలేషన్ ఏసీ హోరు, ఫ్యాను గాలి లాంటి ఒకే తీరుగా సాగే మోతని బాగా తీసేస్తుంది. పక్కగదిలో టీవీ సీరియల్ మాటల్ని, కుక్కర్ విజిల్‌ని అంతగా తీయలేదు. మీ ఇంట్లో ఇబ్బంది మాటల గోల అయితే దానికోసం ఎనిమిది వేలు ఎక్కువ పెట్టడం దండగ.

గంటకి ఎంత పడుతుంది

ముప్పై వేల హెడ్‌సెట్ మూడేళ్లు నడిచిందనుకుందాం. రోజుకి మూడు గంటలు వాడేవాళ్లకి మూడేళ్లలో సుమారు 3,300 గంటలు, గంటకి తొమ్మిది రూపాయలు. ఆరు వేల వైర్ హెడ్‌సెట్, మధ్యలో ప్యాడ్లు రెండుసార్లు మార్చడానికి ఇంకో రెండు వేలు, మొత్తం ఎనిమిది వేలు. గంటకి రెండున్నర. మధ్య తేడా ఆరేడు రూపాయలు. వైర్ కుర్చీ చక్రం కింద పడకుండా, లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతూ టీమ్‌తో మాట్లాడటానికి గంటకి ఆరు రూపాయలంటే నేను ఎక్కువ అనను.

శని, ఆదివారాల్లో మాత్రమే కలిపి ఆరు గంటలు ఆడేవాళ్లకి అదే హెడ్‌సెట్ గంటకి ముప్పై రూపాయల పైన పడుతుంది. వాళ్లకి వైర్‌దే చాలు. హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2 వైర్ మోడల్ ఏళ్ల తరబడి నిలబడ్డ వస్తువు. పాటలు కూడా ముఖ్యమైతే ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ లాంటి స్టూడియో హెడ్‌ఫోన్ తీసుకుని విడిగా మైకు పెట్టుకుంటే, ముప్పై వేల గేమింగ్ హెడ్‌సెట్‌తో సౌండ్‌లో సమానంగా నిలబడుతుంది. ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉండే గది ఉన్నవాళ్లు సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ వినండి. వెనక తెరిచి ఉండే రకం కాబట్టి చెవులు ఉడకవు. వైజాగ్‌లో ఆ ఒక్క గుణమే సగం ధర చేస్తుంది.

రోజూ ఆడేవాళ్లు, వైర్ వద్దే వద్దనుకునేవాళ్లు జీ ప్రో ఎక్స్ 2, బ్లాక్‌షార్క్ వీ2 ప్రోల దగ్గర ఆగిపోవచ్చు. పొద్దున్న ఆఫీసు కాల్స్, రాత్రి గేము, మధ్యలో ఇంటినుంచి ఫోన్, ఇవన్నీ ఒకే హెడ్‌సెట్‌లో వినాల్సినవాళ్లకి నోవా ప్రో డబ్బు వృథా కాదు. డాంగిల్ సౌండూ ఫోన్ బ్లూటూతూ అందులో ఒకేసారి వినొచ్చు. ఇంటర్ చదివే పిల్లాడికైతే జీ435 ఇచ్చి, డిగ్రీ అయ్యాక చూద్దాం అనండి.

అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పిద్దామనుకునేవాళ్లకి ఒక మాట. నోవా ప్రో అక్కడ 2022లో 349.99 డాలర్లకి వచ్చింది. తెప్పించుకునేదానికి మన దగ్గర వారంటీ వర్తిస్తుందో లేదో కొనేముందే కంపెనీని అడగాలి. మన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉంటుంది, కానీ పాడైతే ఇక్కడే ఇచ్చి రావచ్చు. నేనైతే ఇక్కడి బిల్లునే నమ్ముతాను.

ఆదివారం

ద్వారకానగర్‌లో షాపు మొదటి అంతస్తు. ఏసీ ఉంది, అయినా తలుపు తెరిచి మూస్తూ ఉండటంతో ఉక్కగానే ఉంది. మావాడు ముందు తను మనసుపడ్డదే పెట్టుకున్నాడు. షాపాయన పాట పెట్టాడు. వాడి ముఖం వెలిగిపోయింది. తీయొద్దు, ఇరవై నిమిషాలు అలాగే ఉంచుకో అన్నాను. పదిహేనో నిమిషానికి కళ్లజోడు కాడ దగ్గర వేలు పెట్టి సర్దుకోవడం మొదలెట్టాడు. తీసేసరికి చెవుల చుట్టూ ఎర్రగా గుండ్రటి గుర్తు, ప్యాడ్ లోపల తడి.

"దీని ప్యాడ్లు దొరుకుతాయాండీ?" అని అడిగాను.

"తెప్పించాలి సార్. పది రోజులు పట్టొచ్చు, అప్పుడు స్టాకుంటే," అన్నాడాయన. ఉన్నమాట చెప్పినందుకు ఆయనంటే గౌరవం కలిగింది.

తర్వాత వెల్వెట్ జత ఉన్నది పెట్టాడు. ప్యాడ్లు ఎలా ఊడతాయో, మళ్లీ ఎలా బిగుస్తాయో మావాడే చేత్తో చేసి చూశాడు. అరగంట ఉంచుకున్నాడు. "పాట అంత గొప్పగా లేదు మావయ్యా. కానీ ఇది పెట్టుకున్నట్టే లేదు," అన్నాడు. అదే తీసుకున్నాడు. డబ్బు కట్టాక వాడంతట వాడే షాపాయన దగ్గర పెన్ను అడిగి, బిల్లు వెనక ప్యాడ్ల మోడల్ నంబరు రాయించుకున్నాడు.